వెలిగితే జబ్బు

బందరులో నల్లగుడ్డ కొనడానికి నేను పడ్డ అవస్థ నాకు ఇప్పటికీ నవ్వు తెప్పిస్తుంది. కోనేరు సెంటర్ దగ్గర ఒక పాత బట్టల కొట్టులో బురఖా గుడ్డ మందంగా, మంచిది దొరుకుతుందని ఎవరో చెబితే వెళ్ళాను. "వెలుతురు లోపలికి అసలు రాకూడదండీ" అన్నాను. కొట్టు సాయిబు గారు నా బొట్టు వైపు, నా కాటన్ చీర వైపు చూసి, చాలా మర్యాదగా, "కొలత ఎవరికమ్మా?" అని అడిగారు. "బల్లకండీ" అన్నాను. ఆయన మరి మాట్లాడకుండా గుడ్డ చింపి ఇచ్చారు. బందరు మనుషుల్లో ఆ మంచి గుణం ఉంది. ఎదుటిమనిషికి పిచ్చి అని ఒకసారి తేల్చుకున్నాక ఇంకేమీ అడగరు.

కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో ఒక మూల బల్లకి వెదురు బద్దలు కట్టి, ఆ గుడ్డని గుడారంలా కప్పాను. లోపల ఒక యూవీ ల్యాంప్, టెస్ట్ ట్యూబుల స్టాండు. స్టూలు మీద కూర్చుని తలా భుజాలూ లోపలికి దూర్చేదాన్ని. బీఎస్సీ పిల్లలు చూసి, మేడం ఆవిరి పట్టుకుంటున్నారని నవ్వుకునేవాళ్ళు. మే నెల ఎండల్లో ఆ గుడ్డలోంచి బయటికి వచ్చేసరికి నా వాలకం నిజంగానే అలా ఉండేది కాబట్టి వాళ్ళని కసురుకోవడానికి కూడా వీలు ఉండేది కాదు.

అవి తొంభైలు. వాల్తేరులో పీహెచ్‌డీ చేసి వచ్చి బందరులో లెక్చరర్‌గా చేరాను. నీ పరిశోధన ఏమిటమ్మా అని చుట్టాలు అడిగితే ఇలా చెప్పేదాన్ని. ఎంజైమ్ కంటికి కనపడదు. అది ఉందో లేదో తెలియాలంటే దాని చేత ఒక పని చేయించి చూడాలి. అందుకని ఒక రకం చక్కెరకి, వెలిగే గుణం ఉన్న ఒక పదార్థాన్ని అతికిస్తాం. అతుకు ఉన్నంతసేపూ ఆ పదార్థం వెలగదు. ఎంజైమ్ తగిలితే అతుకు తెగుతుంది. తెగి విడిపోయిన పదార్థం యూవీ ల్యాంప్ కింద నీలంగా వెలుగుతుంది. ఎంజైమ్ ఎంతుంటే అంత వెలుగు. ఆ అతికించిన జంటని సబ్‌స్ట్రేట్ అంటాం. దాన్ని తయారు చేయడమే నా పని. ఇంత చెప్పాక చుట్టాలు, "అయితే పెళ్ళెప్పుడు?" అని అడిగేవాళ్ళు.

వెలిగే పదార్థాన్ని డిగ్రీ పిల్లలు కూడా చేయగలరు. తిప్పలన్నీ చక్కెరతోనే. మంచి సంగతి ఏమిటంటే, నాకు కావాల్సిన చక్కెర రొయ్య పొట్టులో ఉంటుంది. ఆ రోజుల్లో మా వైపు రొయ్య పొట్టుకి కొదవేముంది? బంటుమిల్లి దాకా వరి పొలాలు చెరువులైపోతున్నాయి. గిలకలదిండిలో, రొయ్యలు ఒలిచే షెడ్ల వెనక, పొట్టు గుట్టలుగా పడి ఉండేది. గోనెసంచిలో వేయించుకుని రిక్షాలో తెచ్చుకుని, కడిగి, ఆరబెట్టి, యాసిడ్‌లో ఉడికించేదాన్ని. ఆ కంపుకి పక్క గదిలోంచి బోటనీ మాస్టారు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని వచ్చి, "ఏం మేడం గారూ, ఇవాళ రొయ్యలా, పీతలా?" అని అడిగి మరీ వెళ్ళేవారు.

ఇంతా చేసింది గేదెల కోసం. గేదెకి పొదుగు వాపు వచ్చేటప్పుడు పాలలో ఈ ఎంజైమ్ పెరుగుతుంది. పొదుగు గట్టిపడక ముందే, పాలు పలుకులుగా రాక ముందే పెరుగుతుంది. కాసిని పాలలో నా సబ్‌స్ట్రేట్ కలిపి, గోరువెచ్చని నీళ్ళలో కాసేపు ఉంచి, గుడారంలో పెట్టి చూస్తే, జబ్బు పట్టిన చన్ను పాలు నీలంగా వెలుగుతాయి. మంచి పాలు చీకటిగా ఉండిపోతాయి. రైతుకి వారం ముందు తెలిస్తే గేదె దక్కుతుంది. ఈ పరీక్షకి పాలు ఇచ్చింది మా మావయ్య.

మావయ్య అంటే మా అమ్మ తమ్ముడు, మా చెల్లెలి భర్త. ఇద్దరూ ఒక్కరే. మా వైపు వాళ్ళకి ఇది విడమరిచి చెప్పాల్సిన సంగతి కాదు.

అమ్మ పుట్టిల్లు దివిసీమలో, నాగాయలంక అవతల సముద్రానికి దగ్గరగా ఉన్న పల్లె. ఉప్పెనలో ఆ ఇల్లూ, ఇంట్లోవాళ్ళూ పోయారు. మిగిలింది మావయ్య ఒక్కడే. హైస్కూల్లో చదివే పిల్లాడు, సెలవు పెట్టి మొవ్వ దగ్గర మా ఊరికి అక్కని చూడటానికి వచ్చాడు కాబట్టి మిగిలాడు. ఆ తర్వాత మా ఇంట్లోనే పెరిగాడు. నాకు బడికి జడలేసింది ఆయనే, సైకిల్ ముందు కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళింది ఆయనే. పెద్దపిల్లని తమ్ముడికిచ్చి చేయాలని అమ్మ నేను ఉయ్యాల్లో ఉన్నప్పుడే అనుకుందట. ఉప్పెన తర్వాత అది మాట వరసకి అనుకున్నది కాకుండా పోయింది. తన పుట్టింటి మనిషి అంటూ మిగిలిన ఒక్కణ్ణీ బయటి పిల్ల చేతిలో పెట్టడం అమ్మకి ప్రాణం పోయినంత పని.

నేను వద్దన్నాను. మావయ్య మీద అయిష్టంతో కాదు. వాల్తేరులో సీటు వచ్చింది, పెళ్ళి చేసుకుంటే గుడివాడలో మావయ్య పెట్టుకున్న గేదెలూ దాణా కొట్టూ నా బతుకైపోతాయని భయం. అమ్మ ఏడ్చింది, అన్నం మానేసింది, నన్ను నానా మాటలూ అంది. మావయ్య మాత్రం ఒక్క మాట అనలేదు. "దాన్ని చదువుకోనీ అక్కా, బతిమాలి చేసుకునేదేంటి పెళ్ళి" అన్నాడట. ఆ మాట నేను వినలేదు, చెల్లి చెప్పింది.

చెల్లి అప్పుడు ఇంటర్ పూర్తి చేసి ఇంట్లో ఉంది. పెరట్లో పీట వేసుకుని రొయ్యలు ఒలుస్తోంది. నేను ఆ పక్కనే మొహం గంటుపెట్టుకుని కూర్చున్నాను. రొయ్య తల తుంచి పక్కన పడేస్తూ, "నేను చేసుకుంటాలేవే అక్కా. నువ్వెళ్ళి చదువుకో" అంది.

"నీకిష్టమేనా?" అన్నాను.

"మావయ్య నాకేమన్నా కొత్తా?" అంది.

అది నేనడిగిన దానికి జవాబు కాదు. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. కానీ రెండోసారి అడగలేదు. అడిగితే వేరే జవాబు వస్తుందేమోనని.

వాళ్ళ కాపురం బాగుంది. ఇది నన్ను నేను ఊరడించుకోవడానికి అనడం లేదు, నిజంగానే బాగుంది. పెళ్ళయ్యాక కూడా చెల్లి ఆయన్ని మావయ్యా అనే పిలిచేది. ఆయన నన్ను పెద్దమ్మాయ్ అనడం మానలేదు. నా పరిశోధన గేదెల గురించని తెలిసిన దగ్గర్నుంచి ఆయన సంబరం చూడాలి. గుడివాడ నుంచి బస్సులో పాలు తానే తెచ్చేవాడు. ఒక్కో చన్ను పాలు ఒక్కో మందు సీసాలో, సీసా మెడకి ఒక్కో రంగు దారం. ముందు కుడిది ఎరుపు, ఎడమది పసుపు, వెనకవి నలుపూ తెలుపూ. "ఈ నల్ల దారం దాని మీద నాకనుమానంగా ఉంది పెద్దమ్మాయ్, జాగ్రత్తగా చూడు" అని గుమ్మం దగ్గరే చెప్పేవాడు. మా కాలేజీలో నా పనిని ఆ మాత్రం పట్టించుకున్నవాళ్ళు ఇంకొకరు లేరు.

ఒకసారి చెల్లి కూడా వచ్చింది. గుడారంలో దూరింది. నల్ల దారం సీసా పాలు ఉన్న ట్యూబు నీలంగా వెలుగుతుంటే, చిన్నపిల్లలా నోరు తెరిచి చూసింది.

"వెలిగితే జబ్బు, వెలక్కపోతే మంచిది. అంతేగా అక్కా?"

"అంతే" అన్నాను.

పాలల్లో అంతే అని చెప్పి ఉండాల్సింది. ఎంజైమ్ అంటే ఒంట్లో ఉండకూడని విషం కాదని, రక్తంలో అది ఉండి తీరాలని ఒక్క ముక్క చెప్పి ఉండాల్సింది. నాకు చదువు చెప్పడం ఉద్యోగం. సెలవు రోజున బద్ధకం. అంతే అని ఊరుకున్నాను.

ఆ రోజుల్లో నన్ను పీడించిన బాధ ఒకటి ఉంది. నా సబ్‌స్ట్రేట్ తనంతట తానే కొంచెం వెలిగేది. ఎంజైమ్ లేకుండా వట్టి సబ్‌స్ట్రేట్‌నే గుడారంలో పెట్టినా, అడుగున సన్నగా నీలం కనిపించేది. అతుక్కోకుండా మిగిలిపోయిన పదార్థం ఎంత కడిగినా పోలేదు. మొదట్లో నా తెల్ల ఏప్రన్ కూడా గుడారంలో ధగధగా వెలిగింది. బట్టలు తెల్లగా మెరవడానికి చాకిరేవు మందు పెడతారు చూడండి, దాని వెలుగు అది. ఏప్రన్ తీసేశాను, చేతులు కడిగాను, ట్యూబులు మార్చాను. అయినా ఆ పాడు వెలుగు పోదు. మళ్ళీ స్ఫటికాలు కట్టించి, మళ్ళీ కడిగి, నెలలు గడిచాయి. చివరికి అది కనపడనంతగా తగ్గింది. కానీ పోయినట్టా, లేక నా కళ్ళే అలవాటు పడిపోయినట్టా? అది తేలాలంటే, ఒంట్లోంచి వచ్చినదే అయి ఉండి, అందులో ఈ ఎంజైమ్ అసలు లేనిది ఏదైనా కావాలి. అలాంటిది ఎక్కడ దొరుకుతుంది? ఎంత మంచి పాలలోనైనా కొద్దో గొప్పో ఉంటుంది.

ఎంజైమ్ బాగా ఉన్నదానికి మాత్రం కొరత లేదు. నా రక్తమే ఉంది. కొత్త బ్యాచ్ సబ్‌స్ట్రేట్ చేసినప్పుడల్లా, అది సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడటానికి నా రక్తం తీయించుకుని, దాని సీరంతో పరీక్ష పెట్టేదాన్ని. ప్రతిసారీ ఆ ట్యూబు దీపావళిలా వెలిగేది. ఆరోగ్యమైన మనిషి రక్తం ఎలా ఉండాలో దానికి నా ల్యాబ్‌లో కొలమానం నేనే. అదొక గొప్పగా కూడా ఉండేది నాకు.

పెళ్ళయిన చాన్నాళ్ళకి చెల్లికి బాబు పుట్టాడు. బొద్దుగా, తెల్లగా, చూసినవాళ్ళు దించకుండా ఎత్తుకునేట్టు ఉండేవాడు. కుక్కర్ విజిల్ వేస్తే చాలు, ఉలిక్కిపడి రెండు చేతులూ చాచేవాడు. తలుపు గడియ శబ్దానికి కూడా. "అబ్బో, చెవులెంత చురుకో వీడికి" అని మురిసిపోయాం. నేనూ మురిసిపోయాను. వాడు ఉలిక్కిపడితే చూడాలని నేను కావాలని చప్పట్లు కొట్టిన రోజులు ఉన్నాయి. తలుచుకుంటే నా చేతులు నరుక్కోవాలనిపిస్తుంది.

కూర్చునే వయసు వచ్చింది. కొన్నాళ్ళు కూర్చున్నాడు కూడా. తర్వాత మానేశాడు. మెడ నిలిపినవాడు మళ్ళీ వాల్చేశాడు. అమ్మ దిష్టి అంది, తాయెత్తు కట్టించింది. విజయవాడలో పిల్లల డాక్టరు కంటి డాక్టరు దగ్గరికి పంపారు. ఆయన కంటి లోపల ఎర్ర చుక్క ఉందని చెప్పారు. పుట్టుకతోనే ఒక ఎంజైమ్ లేకపోతే ఇలా అవుతుంది, మెదడులో కొవ్వు పేరుకుపోతుంది, రక్తం హైదరాబాదు పంపి తేల్చుకోవాలి, తల్లిదండ్రుల రక్తం కూడా కావాలి అన్నారు.

చెల్లి ఎస్‌టీడీ బూత్ నుంచి ఫోన్ చేసి ఎంజైమ్ పేరు ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. నేను సగంలోనే ఆపమన్నాను. రొయ్య పొట్టులోంచి చక్కెర తీసి, గేదెల కోసం నేను ఏళ్ళ తరబడి వెంటపడుతున్నది ఆ ఎంజైమ్‌నే.

"నువ్వు చేసేదేగా అక్కా ఇది?" అంది.

"ఆ."

"అయితే నువ్వే చూడు. హైదరాబాద్ నుంచి రావాలంటే నెలలు పడుతుందంట. అంతదాకా నేనుండలేనే."

కాదనాల్సింది. సొంత మనుషుల పరీక్ష సొంత చేతులతో చేయకూడదని నాకు తెలుసు. హైదరాబాదుకి పంపండి, నేనూ చూస్తాను అన్నాను. చెల్లి మీద ప్రేమతో ఒప్పుకున్నానని చాలామందితో చెప్పాను. ప్రేమ ఉంది. దాని కింద ఇంకొకటి కూడా ఉంది. నా సబ్‌స్ట్రేట్‌ని మనిషి జబ్బు మీద పెట్టి చూసే అవకాశం నాకు మళ్ళీ ఎప్పుడొస్తుంది?

ఒక ఆదివారం పొద్దున గుడివాడ బస్సులో ముగ్గురూ వచ్చారు. తెలిసిన నర్సింగ్ హోమ్ టెక్నీషియన్ వచ్చి ముగ్గురికీ రక్తం తీశాడు. అలవాటు ప్రకారం నేనూ చెయ్యి చాచాను. కాలేజీ ఖాళీ. వాళ్ళు ల్యాబ్ బయట వరండాలో చాప వేసుకుని కూర్చున్నారు. చెల్లి బాబుకి పాలు పట్టింది. మింగడం కూడా కష్టంగా ఉంది వాడికి అప్పటికే.

నేను లోపల సీరం తీసి, నాలుగు ట్యూబుల్లో సబ్‌స్ట్రేట్ కలిపి, నీళ్ళలో ఉంచి, చివర్న సోడా ద్రావణం పోసి, స్టాండులో వరసగా పెట్టి గుడారంలో దూరాను. మొదటిది బాబుది, తర్వాత చెల్లిది, మావయ్యది, చివర్న నాది. ల్యాంప్ వేశాను.

బాబు ట్యూబు నల్లగా ఉంది. అడుగున ఆ సన్నని నీలం కూడా లేదు. ఏమీ లేదు. ముందు నాకు కలిగింది సంతోషం. దాచను. నా సబ్‌స్ట్రేట్ శుభ్రంగా ఉంది, ఇన్నాళ్ళ పీడ వదిలింది, ఇదిగో రుజువు, అని గుండె ఎగిరింది. అది క్షణమే కావచ్చు. అరక్షణం కావచ్చు. ఆ వెంటనే బయట వరండాలో వాడు మూలిగిన శబ్దం వినపడింది. నేను ఏ ట్యూబు చూసి సంతోషించానో అప్పుడు తెలిసింది. గుడారంలోనే నోటికి పైట అడ్డం పెట్టుకున్నాను.

మళ్ళీ మొదటి నుంచి చేశాను. అదే వచ్చింది. బాబుది చీకటి. చెల్లిదీ మావయ్యదీ మసకగా, నా దాంట్లో సగం వెలుగు. నాది ఎప్పటిలాగే ధగధగా. ఒక్క రోజు పరీక్షతో ఖాయంగా చెప్పకూడదు గానీ, తర్వాత హైదరాబాదు వాళ్ళూ ఇదే చెప్పారు. బాబు మూడో ఏడు దాటలేదు.

దాని అర్థం నేను పుస్తకాల్లో చదువుకున్నదే. ఈ లోపం తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తేనే బిడ్డకి జబ్బు. ఒక్క వైపు నుంచి వస్తే వెలుగు సగానికి తగ్గుతుంది, మనిషికి ఏమీ కాదు. అమ్మ పుట్టింట్లో ఇది ఎప్పటినుంచో ఉన్నట్టుంది. మావయ్యకి వచ్చింది. అమ్మ ద్వారా చెల్లికి వచ్చింది. అదే అమ్మ కడుపున పుట్టిన నాకు రాలేదు. పెద్దపిల్లగా నాకు వేసిన పీట మీద నేనే కూర్చుని ఉంటే, పుట్టిన బిడ్డ ఎవరైనా కూర్చునేవాడు, నడిచేవాడు. నేను లేచి వెళ్ళిపోయిన చోట చెల్లి కూర్చుంది. ఎందుకు లేచి వెళ్ళానంటే ఈ పరీక్ష నేర్చుకోవడానికి.

నేను ఏ తప్పూ చేయలేదని నాకు తెలుసు. ఎవరికీ తెలియని సంగతికి నేనేం చేయగలను? ఈ మాట నాకు నేను చెప్పుకున్నప్పుడల్లా సరిగ్గానే ఉంటుంది, కానీ దానివల్ల మనసులో బరువు ఇంత కూడా తగ్గదు.

"అయిందా అక్కా?" అంటూ చెల్లి లోపలికి వచ్చింది. బాబుని మావయ్యకి ఇచ్చి వచ్చింది. నేను జవాబు చెప్పేలోపే గుడ్డ ఎత్తి నా పక్కన తల దూర్చింది. కొబ్బరినూనె వాసన, పాల వాసన. నీలం వెలుగులో ఆమె మొహం నాకు బాగా దగ్గరగా ఉంది.

"వాడిదేదే?"

మొదటి ట్యూబు మీద వేలు పెట్టాను.

"వెలగలేదు!" అంది. నా భుజం గట్టిగా పట్టుకుంది. "వెలగలేదుగా అక్కా! ఏం లేదన్నమాట! ఆ డాక్టరు నోట్లో మట్టి పడ, ఊరికే గుండెలు తీసేశాడు."

పాల పరీక్షలో నేను అంతే అన్న మాట ఇన్నేళ్ళకి తిరిగి వచ్చింది.

"మరి ఈ రెండూ? మాదా? కొంచెం వెలుగుతున్నాయే." కాసేపు ఆలోచించింది. "పోన్లే. మాకుంటే ఉండనీ. పెద్దోళ్ళం, తట్టుకుంటాం. వాడికి లేదుగా, చాలు." అంతలో చివరి ట్యూబు చూసింది. "అమ్మో, ఇదేంటి ఇట్టా మండిపోతోంది! ఎవరిదే పాపం?"

"నాది."

ఆమె మొహంలో సంతోషం ఒక్కసారిగా పోయింది. నా రెండు చేతులూ పట్టేసుకుంది. "నీదా? అక్కా! ఎప్పణ్ణుంచే? డాక్టరుకి చూపించుకున్నావా? ఒక్కదానివే ఇక్కడుండి, ఎవరికీ చెప్పకుండా..." కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి. "నీకేం కాదు. నేనున్నాగా. లీవు పెట్టి గుడివాడ వచ్చెయ్యి. మావయ్య చూసుకుంటాడు, నేను చూసుకుంటా. అమ్మకి చెప్పొద్దులే ఇప్పుడే."

జబ్బు నాదని, బాబుకి ఏమీ లేదని ఆమె నమ్మిన ఆ కాస్సేపూ నన్ను అలాగే పట్టుకోనిచ్చాను. ఆ జాలి నాకు హాయిగా ఉంది. ఇదే న్యాయమనిపించింది. నా బతుకులో నాకు అన్నిటికంటే సిగ్గనిపించేది ఆ కాస్సేపే. ఎందుకంటే ఆమె ఆశ అక్కడ ఇంకా ఇంకా పెరుగుతోంది, దాన్ని ఆపాల్సిన మనిషిని నేనే.

"పాలల్లో వేరమ్మా" అన్నాను చివరికి. "రక్తంలో వేరు. రక్తంలో ఇది ఉండాలి. వెలగాలి."

ముందు అర్థం కాలేదు. తర్వాత నా చేతులు వదలకుండానే తల తిప్పి స్టాండు వైపు చూసింది. చివరి నుంచి మొదటికి, ఒక్కొక్క ట్యూబు దగ్గరా ఆగుతూ చూసింది. మొదటి దాని దగ్గర చాలాసేపు ఉండిపోయింది. కొంచెమైనా ఉందేమోనని మొహం ఇంకా దగ్గరగా పెట్టింది. నేను అంత జాగ్రత్తగా కడిగి ఉండకపోతే, ఆ అడుగున ఒక పిసరు నీలమైనా కనపడేది ఆమెకి.

"అంటే నీది బాగుంది" అంది.

"ఊ."

"మాది చెరి సగం."

"ఊ."

ల్యాంప్ సన్నగా రొద పెడుతోంది. ఆమె నా చేతులు ఇంకా వదల్లేదు. విదిలించుకుని ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

"వాడు నీకు పుట్టుంటే బాగుండేవాడన్నమాట" అంది.

కోపంగా అనలేదు. ఇంటర్లో లెక్క తేలినప్పుడు జవాబు చదివి చెప్పినట్టు అంది. నేను ఆమె పేరు పెట్టి ఏదో అనబోయాను. తల అడ్డంగా ఊపింది. స్టాండులోంచి నా ట్యూబు తానే తీసి నా చేతికి ఇచ్చింది.

"ఇది పారబోసెయ్యి. ఈ చివర్ది నీదని మావయ్యకి చెప్పకక్కా. ఈ ఒక్కటీ చెప్పకు."

ఎవరి కోసం అడిగిందో నేను అడగలేదు. ఆయన బాధపడతాడనో, ఆయన మనసులో ఒక్కసారైనా అలాంటి ఊహ రాకూడదనో. సింకులో పారబోసి నీళ్ళు వదిలాను.

వరండాలో మావయ్య బాబుని భుజాన వేసుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. వాడి తల వాలిపోకుండా అరచెయ్యి వెనక్కి పెట్టి పట్టుకున్నాడు. నేను చెప్పాను. చెల్లి స్తంభానికి ఆనుకుని నేల చూపులు చూస్తూ నిలబడింది. ఆయన అడ్డుపడకుండా అంతా విన్నాడు.

"మా ఇద్దరి దగ్గర్నుంచీ వచ్చిందా ఇది?"

"అవును మావయ్యా."

"అంటే అక్క దగ్గర్నుంచి. మా ఇంట్లోదే."

"అవును."

బాబు వీపు నిమురుతూ కాసేపు రోడ్డు వైపు చూశాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు నా వైపు తిరిగాడు. ఆయన కళ్ళల్లో భయం నా కోసం.

"మరి నీక్కూడా ఉండుంటుందిగా పెద్దమ్మాయ్? నీది చూసుకున్నావా?"

చెల్లి తలెత్తలేదు.

"లేదు మావయ్యా" అన్నాను.

"చూసుకోకు" అన్నాడు. "తెలిసి ఏం చేస్తావ్? నువ్వసలే తట్టుకోలేవు." బాబు తలని భుజం మీద సరిగ్గా ఆనించుకుని, బస్సుకి టైమవుతోందని చెల్లిని పిలిచి, ముందుగా మెట్లు దిగాడు.